మా అంబాసిడర్ కటౌట్‌ని మీటరు పెట్టి చూసిన అనుభవం

మా పెదనాయన అంబాసిడర్‌కి ఒకదానికొకటి పొసగని జబ్బులు రెండుండేవి. ఎండాకాలంలో వారం తిరక్కముందే బ్యాటరీలో నీళ్ళు ఇంకిపోయేవి. మూతలు తీస్తే లోపల బుడబుడలు, చుట్టూ రేకు మీద తెల్లగా పొంగిన యాసిడ్ మరకలు. హెడ్‌లైట్ బల్బులు ఊరికే మాడిపోయేవి. అదే బండి ఇంకో పదిరోజులకు పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకునేది. చార్జింగ్ ఎక్కువైతే బ్యాటరీ ఉడుకుతుంది, తక్కువైతే బండి లేవదు. ఒకే బండికి రెండూ ఎట్లా వస్తాయో అనంతపురంలో మేము అడిగిన వాళ్ళెవరూ చెప్పలేకపోయారు.

బండి 1960ల నాటి మార్క్ 2. 1489 సీసీ పెట్రోలు ఇంజను, దాని పక్కన బ్యాటరీని చార్జ్ చేయడానికి ఇప్పటి ఆల్టర్నేటర్ కాదు, పాతకాలపు డైనమో. డైనమోకి తోడుగా బానెట్ కింద రేకు గోడకు బిగించిన చిన్న నల్ల డబ్బా. మెకానిక్కులందరూ దాన్ని కటౌట్ అనే అంటారు. నిజానికి అందులో పనులు రెండు. ఒకటి కటౌట్, ఇంకోటి వోల్టేజ్ రెగ్యులేటర్.

ఒక షాపులో బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేశాం. ఇంకో షాపులో డైనమోలో రాసుకునే కార్బన్లు అరిగాయన్నారు, మార్చాం. మరో చోట డబ్బా మూత తీసి స్క్రూ తిప్పి “అయిపోయింది సార్” అన్నారు. చివరికి అందరూ చెప్పిన మాట ఒకటే: “ఇదంతా పీకేసి ఆల్టర్నేటర్ ఏసుకోండి.” ఆ మాటలో తప్పేం లేదు. రోజూ తిప్పే బండికి అదే సుఖం. కానీ మా పెదనాయన ఒప్పుకోలేదు. “ఇన్నేండ్లు నడిచింది కదప్పా, ఇప్పుడే ఏమొచ్చింది దానికి?” అన్నాడు. నాకూ అదే అడగాలనిపించింది. ఇన్ని మార్చారు గానీ, మార్చేముందు మీటరు పెట్టి ఒక్క రీడింగు రాసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

కొలతల్లోకి పోయేముందు ఆ డబ్బా ఏం చేస్తుందో చెప్పాలి, లేకపోతే తర్వాత సంగతి అర్థం కాదు.

డైనమో ఎంత వేగంగా తిరిగితే అంత వోల్టేజీ పుట్టిస్తుంది. అడ్డు లేకపోతే 12 వోల్టుల బండిలో 20, 30 వోల్టులు కూడా దాటిపోతుంది. దాన్ని అదుపులో పెట్టాలంటే డైనమో లోపల అయస్కాంతాన్ని పుట్టించే ఫీల్డ్ కాయిల్‌కి పోయే కరెంటును తగ్గించాలి. రెగ్యులేటర్ చేసేది అదే. ఒక ఇనుప కడ్డీకి సన్నని తీగ చుట్టి ఉంటుంది. వోల్టేజీ పెరిగితే ఆ అయస్కాంతం ఒక రేకును లాగుతుంది, పాయింట్లు విడిపోతాయి, ఫీల్డ్ కరెంటు ఒక రెసిస్టెన్స్ గుండా పోవాల్సి వస్తుంది, వోల్టేజీ పడుతుంది. పడగానే స్ప్రింగు రేకును వెనక్కి లాగుతుంది, పాయింట్లు కలుస్తాయి, మళ్ళీ పెరుగుతుంది. ఇది సెకనుకు పదుల సార్లు జరుగుతుంది. మడిలోకి నీళ్ళు ఎక్కువైతే మడవ కట్టి, తగ్గితే తెంపే మనిషి పని లాంటిదే, కాకపోతే కంటికి కనపడనంత వేగంగా. రెండో కడ్డీ కటౌట్. డైనమో వోల్టేజీ బ్యాటరీని మించినప్పుడే రెండిటినీ కలుపుతుంది. ఇంజను ఆగినా, బాగా స్లో అయినా విడదీస్తుంది. అది విడదీయకపోతే బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారి ఆర్మేచర్‌ను, అంటే అందులో తిరిగే తీగచుట్టను, కాల్చేస్తుంది.

డబ్బా కింద వరుసగా అయిదు టెర్మినళ్ళు: ఏ, ఏ1, ఎఫ్, డి, ఈ. ఏ నుంచి బ్యాటరీకి, ఏ1 నుంచి ఇగ్నిషన్‌కీ లైట్లకీ, ఎఫ్ నుంచి ఫీల్డ్‌కి, డి నుంచి డైనమోకి. “ఈ” అంటే ఎర్త్, బండి బాడీకి. లూకాస్ వాళ్ళ ఆర్‌బి 106 అనే రకం ఇది. ఆ కాలంలో ఇంగ్లండులో తయారైన మోరిస్, ఆస్టిన్, ఎంజీ బళ్ళలో చాలావాటికి ఇదే డబ్బా. మన అంబాసిడర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిందే కదా, అందుకే ఆ బళ్ళ సర్వీసు పుస్తకాల్లోని కొలతలు మనకు పనికొస్తాయి.

పుస్తకంలో మొట్టమొదట నన్ను ఆపింది మీటరు సంగతి. ముల్లు తిరిగే మీటరే వాడమంటారు. నా దగ్గరున్నది డిజిటల్. ఇంజను నడుస్తుండగా పెట్టి చూస్తే 13, 17, 15, 11 అని అంకెలు ఎగిరిపడ్డాయి. పాయింట్లు క్షణక్షణం తెరుచుకుని మూసుకునే చోట, పక్కనే ప్లగ్గుల నిప్పురవ్వలు కొట్టేచోట, ఆ అంకెల్లో ఏది నమ్మాలో తెలియదు. ముల్లు మీటరు ఆ కుదుపులన్నిటినీ సగటు చేసి ఒకచోట నిలబడుతుంది. టవర్ క్లాక్ దగ్గరి ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగితే విచిత్రంగా చూశారు. చివరికి అది దొరికింది పాతూరులో, ఒక పెద్దాయన ఇంట్లో. లారీలకీ అంబాసిడర్లకీ డైనమోలున్న రోజుల నుంచీ ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేసి, ఇప్పుడు షాపు కొడుక్కి అప్పజెప్పిన మనిషి. అందరూ ఆయన్ని భాయ్ అనే పిలుస్తారు, నేనూ అట్లాగే పిలిచాను.

మీటరు అడగడానికి పోయాను. ఆయన జబ్బు మొత్తం విని, “మీటరు ఇయ్యను, నేనే వస్తా” అన్నాడు. “అయితే ఎండ రాకముందే చూడల్ల. బండి రాత్రంతా చల్లగా ఉండల్ల. మద్దేనం పెట్టిన సెట్టింగు సెట్టింగే కాదు సార్.”

అది ఊరికే అన్న మాట కాదు. రెగ్యులేటర్ కాయిల్ రాగితీగ. వేడెక్కితే రాగి రెసిస్టెన్స్ పెరుగుతుంది, అయస్కాంతం బలం తగ్గుతుంది, వోల్టేజీ పైకి పోతుంది. దాన్ని సరిచేయడానికి స్ప్రింగు దగ్గర రెండు లోహాలు అతికించిన పట్టీ పెట్టారు. వేడికి అది వంగి స్ప్రింగు బిగువును తగ్గిస్తుంది. పైగా వేడిలో బ్యాటరీకి తక్కువ వోల్టేజీ చాలు, చలిలో ఎక్కువ కావాలి. అందుకే పుస్తకంలో ఒక్క అంకె ఉండదు, గాలి వేడిని బట్టి మారే పట్టిక ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర 16 వోల్టులకు కొంచెం పైన, 40 డిగ్రీలకు వచ్చేసరికి అంతకన్నా కొంచెం తక్కువ. మా ఊళ్ళో ఏప్రిల్ మధ్యాహ్నం నీడలోనే 40 ఉంటుంది, ఇంజను పక్కన ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. నేను గోడకు తగిలించే థర్మామీటరు తీసి బానెట్ కింద వేలాడదీశాను. భాయ్ వచ్చేసరికి అది 30 చూపిస్తోంది.

మా తమ్ముడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు, రేస్ వాడి పని. పెదనాయన వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు.

భాయ్ డబ్బా జోలికే పోలేదు. ముందు బ్యాటరీ. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ 12.5 చూపించింది, ఫర్వాలేదు. తర్వాత ఏ కొస ఎర్త్ అయ్యిందో చూశాడు. ఇది చూడకుండా పాత బళ్ళలో ఏ తీగా ముట్టుకోకూడదు. ఆ కాలపు ఇంగ్లీషు బళ్ళు చాలావరకు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి. మా బండికి ఎప్పుడో టేప్ రికార్డరు పెట్టించినప్పుడు నెగెటివ్ ఎర్త్‌కి మార్పించారని పెదనాయన గుర్తు చేసుకున్నాడు. అట్లా మార్చినప్పుడు డైనమోకి కూడా దిక్కు మార్చాలి. ఎఫ్ తీగ ఊడదీసి, బ్యాటరీ లైవ్ తీగను డైనమో ఎఫ్ టెర్మినల్‌కి ఒక్క క్షణం తగిలిస్తే లోపలి ఇనుములో మిగిలే అయస్కాంతం తిరగబడుతుంది. మా డైనమోకి అది ఎప్పుడో చేసే ఉన్నారు. తర్వాత ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. అర అంగుళం దిగింది, చాలు. ఇవన్నీ చూడటానికి పది నిమిషాలు పట్టలేదు. అయినా ఇంతకుముందు చూసినవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టలేదు.

ఇక డైనమో. రెండు తీగలూ దాని దగ్గరే పీకేశాడు. డి, ఎఫ్ టెర్మినళ్ళు రెండిటినీ ఒక ముక్క రాగితీగతో కలిపి, మీటరు ఎర్ర మొన దాని మీద, నల్ల మొన డైనమో ఒంటి మీద పెట్టాడు. దీని అర్థం ఏమిటంటే, ఇప్పుడు రెగ్యులేటర్ లేదు, డైనమో తన శక్తి కొద్దీ పుట్టిస్తుంది.

“రేస్ మెల్లగా పెంచు నాయనా. మెల్లగా! నేను చెయ్యెత్తితే ఆపేయల్ల.”

ముల్లు స్లో మీదే లేచింది. రేస్ కొంచెం పెరగ్గానే తడబడకుండా, ఊగకుండా 10, 14, 18 అని ఎక్కుతూ పోయింది. 20కి రాకముందే భాయ్ చెయ్యెత్తాడు. ఇక్కడ ఇంజన్ని నిమిషానికి వెయ్యి చుట్లు దాటించకూడదు. అడ్డు లేని డైనమో తన ఫీల్డ్‌ను తానే కాల్చుకుంటుంది. ముల్లు అసలు లేవకపోతే కార్బన్లు, ఒక వోల్టు దగ్గరే ఆగిపోతే ఫీల్డ్ కాయిల్, నాలుగయిదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్. ఒక్క మీటరు, ఒక్క తీగముక్క, డైనమోలో ఏ భాగం పోయిందో దాదాపుగా చెప్పేస్తాయి. కార్బన్లు మార్చిన షాపువాళ్ళు ఇది చేసుంటే, వాటిని మార్చాల్సిన పనే లేదని అక్కడే తేలిపోయేది.

డైనమో బాగుంది. తీగలు మళ్ళీ బిగించి, డబ్బా కొసన డి, ఎఫ్ తీగలకు కరెంటు సరిగ్గా వస్తోందో చూశాం. వస్తోంది. అంటే జబ్బు డబ్బాలోనో, డబ్బా చుట్టూనో ఉంది.

ఇప్పుడు అసలు పరీక్ష. రెగ్యులేటర్‌ను బ్యాటరీతో సంబంధం లేకుండా కొలవాలి. ఎందుకంటే ఆర్‌బి 106లో రెగ్యులేటర్ కడ్డీ మీద సన్నని తీగతోపాటు కొన్ని మందపాటి చుట్లు కూడా ఉంటాయి. బ్యాటరీకీ లైట్లకీ కరెంటు పోయేకొద్దీ అవి వోల్టేజీని ఇంకా తగ్గిస్తాయి, డైనమో మీద భారం పడకుండా. బ్యాటరీ తగిలించి ఉంచి కొలిస్తే అది ఖాళీగా ఉంటే ఒకటి, నిండుగా ఉంటే ఒకటి వస్తుంది, దేన్నీ నమ్మలేం. పుస్తకంలో ఏ, ఏ1 తీగలు రెండూ ఊడదీసి, రెండిటినీ ఒకదానికొకటి కలిపి పెట్టమంటారు. అప్పుడు ఇంజనుకు కరెంటు అందుతుంది, డబ్బా మాత్రం విడిగా ఉంటుంది. భాయ్ దానికి ఒప్పుకోలేదు. “ఆ తీగలకు ఫ్యూజ్ లేదు సార్. బాడీకి తగిల్తే మంటలే.” క్యాలెండరు కాగితం సన్నగా చించి కటౌట్ పాయింట్ల మధ్యకు జొనిపాడు. పాయింట్లు మూసుకున్నా కాగితం మీదే మూసుకుంటాయి. పని అదే, ప్రమాదం లేదు. ఆ తర్వాత నేను ఎప్పుడు కొలిచినా కాగితమే వాడుతున్నాను.

ఎర్ర మొన డి మీద, నల్ల మొన “ఈ” మీద. రేస్ పెంచుతుంటే ముల్లు లేచి, ఒకచోట చిన్నగా అదిరి, అక్కడే నిలబడింది. ఆ నిలబడిన చోటే రెగ్యులేటర్ పట్టుకున్న వోల్టేజీ. 14.8.

నాకు ఊరట కలగాల్సింది, ఎందుకంటే ఈనాటి బళ్ళలో ఎవరిని అడిగినా పద్నాలుగు చిల్లర అంటారు. కానీ ఈ డబ్బాకి, ఈ పరీక్షలో, 30 డిగ్రీల గాలిలో రావాల్సింది 16 దగ్గర. 14.8 అంటే బాగా తక్కువ. స్క్రూ తిప్పిన షాపులో ఏం జరిగి ఉంటుందో అప్పుడర్థమైంది. ఆల్టర్నేటర్ బళ్ళలో బ్యాటరీ తగిలించి ఉండగా వచ్చే అంకెని, డైనమో బండిలో బ్యాటరీ లేకుండా కొలిచే చోట పట్టుకొచ్చి పెట్టారు. సెల్ఫ్ తిరగని పొద్దులకు కారణం దొరికింది. మరి బ్యాటరీ ఉడకడం ఎందుకు? 14.8తో ఏ బ్యాటరీ అట్లా ఉడకదు.

భాయ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎర్ర మొన డి మీదే ఉంచి, నల్ల మొనను “ఈ” టెర్మినల్ నుంచి తీసి ఇంజను దిమ్మె మీది ఒక మెరిసే నట్టుకు ఆనించాడు. “ఇప్పుడు పెంచు.”

ముల్లు 15 దాటింది, 16 దాటింది. 17 దగ్గర నిలవకుండా అటూ ఇటూ ఊగింది. డబ్బా పక్కనున్న తీగల కట్టను వేలితో కదిపితే ఒక్కసారిగా 15కి పడి మళ్ళీ లేచింది.

“చూస్తిరా? డబ్బా అబద్ధం చెప్పడం ల్యా. దానికి ఎర్తింగే దొరకడం ల్యా.”

ఇది నేను చూసినవాటిలోకెల్లా నచ్చిన క్షణం, అందుకే వివరంగా చెప్తాను. రెగ్యులేటర్ కాయిల్ ఒక కొస డి కి, ఇంకో కొస “ఈ” కి ఉంటుంది. అది కొలిచేది ఆ రెండిటి మధ్య వోల్టేజీనే. “ఈ” టెర్మినల్‌కీ బండి బాడీకీ మధ్య చిలుము పట్టి రెసిస్టెన్స్ వస్తే, అక్కడ రెండు వోల్టులు పోతాయి. డబ్బా తనకు తెలిసినంతలో 14.8 దగ్గర కచ్చితంగా ఆపుతూనే ఉంది. బ్యాటరీకి మాత్రం అందాల్సినదానికన్నా ఎక్కువ అందుతోంది, ఎందుకంటే బ్యాటరీ ఎర్త్ డబ్బా ఎర్త్‌తో కలవలేదు. తీగ సరిగ్గా ఆనిన రోజు బ్యాటరీకి 14.8 కన్నా తక్కువే అందుతుంది, సెల్ఫ్ తిరగదు. బండి గతుకుల్లో కదిలి తీగ వదులైన రోజు బ్యాటరీ ఉడుకుతుంది, బల్బులు మాడతాయి. ఒకే బండిలో రెండు జబ్బులు. ఒకటి స్క్రూ తిప్పినవాళ్ళు తెచ్చింది, ఇంకోటి ఎర్త్ తెచ్చింది. రెండోదాన్ని చూడకుండా మొదటిదాన్ని ఎంత తిప్పినా అది తేలేది కాదు.

నిర్ధారణ కోసం ఇంజను నడుస్తుండగా “ఈ” టెర్మినల్‌కీ ఇంజను దిమ్మెకీ మధ్య నేరుగా మీటరు పెట్టాం. దాదాపు సున్నా ఉండాల్సిన చోట రెండు వోల్టులకు పైగా.

ఎర్త్ తీగను వెంబడించాం. డబ్బా పక్కనే రేకు గోడకు ఒక చిన్న బోల్టు, దాని కింద తీగ చివర కళ్ళెం, అంటే బోల్టు దూరే లోహపు రింగు. ఎప్పుడో బండికి టింకరింగు, పెయింటింగు చేయించినప్పుడు ఆ రేకుకు కూడా రంగు కొట్టారు. రంగు మీదే బోల్టు బిగించారు. బోల్టు మరల గుండా అందిన కాస్త ఎర్తే ఇన్నాళ్ళూ పనిచేసింది. ఊడదీస్తే కళ్ళెం కింది వైపు పచ్చగా చిలుము. తీగను అటూ ఇటూ వంచితే పోగుల్లో సగం విరిగి ఉన్నాయి. తుడిస్తే పోయేది కాదు. పాత కళ్ళెం తీసేసి కొత్త తీగ, కొత్త రాగి కళ్ళెం వేశాం. రేకు మీది రంగును రూపాయి బిళ్ళంత మేర ఇనుము మెరిసేదాకా గీకి, పళ్ళున్న వాషరు వేసి బిగించి, పైన కాస్త గ్రీజు పూశాం. మళ్ళీ కొలిస్తే ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు.

ఇప్పుడు నల్ల మొన “ఈ” మీద పెట్టినా, దిమ్మె మీద పెట్టినా ఒకటే రీడింగు: 14.8. ఇక స్క్రూ ముట్టుకోవచ్చు.

దానికి ముందు భాయ్ పాయింట్లు శుభ్రం చేశాడు. ఇందులో చాలామందికి తెలియని తేడా ఒకటుంది. రెగ్యులేటర్ పాయింట్లు గట్టి టంగ్‌స్టన్, వాటిని సన్నని రాయితో రుద్దొచ్చు. కటౌట్ పాయింట్లు వెండి. వాటి మీద ఆ రాయి గానీ ఎమరీ కాగితం గానీ పెడితే గట్టి రేణువులు వెండిలో దిగబడిపోతాయి, అక్కడి నుంచి వేడెక్కి అతుక్కుంటాయి. కటౌట్ అతుక్కుంటే ఇంజను ఆపినా బ్యాటరీ డైనమోలోకి పారుతూనే ఉంటుంది. వాటికి సన్నని గాజు కాగితం మాత్రమే, తర్వాత స్పిరిట్‌లో తడిపిన గుడ్డ. భాయ్ రాయిని, గాజు కాగితాన్ని వేర్వేరు డబ్బీల్లో తెచ్చుకున్నాడు.

స్క్రూకి వెనక లాక్ నట్టు. దాన్ని వదులు చేసి, గడియారం తిరిగే వైపు తిప్పితే వోల్టేజీ పెరుగుతుంది. తిప్పేది చుట్టులో చిన్న భాగమే, కంటికి తిప్పినట్టే కనపడదు. ఒక్కో కొలత అర నిమిషంలో ముగించాలి. అంతకన్నా ఎక్కువసేపు నడిపితే కాయిల్ వేడెక్కి రీడింగు దానంతటదే మారుతుంది, మనం మారిన రీడింగుకు సెట్ చేస్తాం, మరుసటి పొద్దున చల్లని బండిలో అది వేరే అంకె అవుతుంది. అందుకని తిప్పడం, రేస్ పెంచడం, చదవడం, ఆపేయడం. కాసేపు చల్లారనివ్వడం. మళ్ళీ. మా తమ్ముడికి విసుగొచ్చింది. “ఇంత నిదానమా భాయ్?” అన్నాడు. “షాపులో ఇంత నిదానంగా చేస్తే యాపారం నడవదు నాయనా. అందుకే ఎవురూ చెయ్యరు” అన్నాడాయన. అందులో ఫిర్యాదేమీ లేదు, ఉన్న మాట.

16 మీద నిలిపి లాక్ నట్టు బిగించాడు. బిగించాక మళ్ళీ చూడాల్సిందే, నట్టు బిగింపుకే కొంచెం జరుగుతుంది. జరిగింది కూడా, మళ్ళీ సరిచేశాడు.

కాగితం తీసేసి, పోగులు మిగలకుండా చూసి, కటౌట్ పరీక్ష. మీటరు డి, “ఈ” టెర్మినళ్ళ మధ్యే. లైట్లు వేసి స్లో నుంచి మెల్లగా రేస్ పెంచితే ముల్లు ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట చటుక్కున కొంచెం వెనక్కి తగ్గుతుంది. ఆ క్షణానే పాయింట్లు మూసుకుని భారం డైనమో మీద పడింది. అది 12.7 నుంచి 13.3 మధ్య జరగాలి. మాకు 13 దగ్గర జరిగింది. దాన్ని ముట్టుకోలేదు. బాగున్నదాన్ని సరిచేయడానికి పోకూడదని భాయ్ ప్రత్యేకంగా చెప్పాడు, ఎందుకంటే రెండు స్క్రూలూ పక్కపక్కనే ఉంటాయి, చాలామంది దేన్ని తిప్పుతున్నారో చూడకుండా తిప్పుతారు.

అన్నీ బిగించాక, బ్యాటరీ కొసల మీద మీటరు పెట్టి లైట్లు లేకుండా కాసేపు నడిపితే 14కి కొంచెం పైన స్థిరపడింది. డబ్బాలో 16 పెట్టినా బ్యాటరీ దగ్గర 16 రాదు, ఆ మందపాటి చుట్లు తమ పని చేస్తాయి. ఈ సంగతి పెదనాయనకు చెప్పేసరికి ఆయన ముఖం కాస్త తేలికపడింది. అంతకుముందు 16 అన్నప్పుడల్లా కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

హెడ్‌లైట్లు వేసి స్లోలో ఉంచితే చార్జింగ్ చూపించే ఎర్ర లైటు సన్నగా మిణుకుమంది, హెడ్‌లైట్ల వెలుగు కాస్త తగ్గింది. దాన్ని జబ్బు అనుకోవద్దు. ఆల్టర్నేటర్‌లా స్లోలో కూడా కరెంటు ఇచ్చే శక్తి డైనమోకి లేదు. ఆ రోజుల్లోని డైనమోలు బాగా నడిచినా ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లు. రెండు హెడ్‌లైట్లే ఏడెనిమిది ఆంపియర్లు తాగుతాయి, ఇగ్నిషన్ ఇంకో రెండు మూడు. దాని మీద మనం పెద్ద హారను, టేపు, ఫ్యాను, నూరు వాట్ల బల్బులు తగిలిస్తే రెగ్యులేటర్ ఎంత మంచిదైనా బ్యాటరీ నిండదు. మా బండికి పెట్టించిన పెద్ద బల్బులు తీసేసి మామూలువి వేశాం.

ఆ వారమే రాత్రిపూట తాడిపత్రి దాకా పోయి వచ్చాం, దారంతా లైట్లతో. ఇంటికొచ్చి ఇంజను ఆపి, వెంటనే సెల్ఫ్ కొడితే ఒక్క తిప్పుడుకే లేచింది. మేనెల ఎండలు ముదిరాక కూడా బ్యాటరీ నీళ్ళు నెలకోసారి కాస్త పోస్తే సరిపోతోంది. తెల్ల మరకలు మళ్ళీ రాలేదు.

పాత బండి ఉన్నవాళ్ళకు నేను చెప్పేది, మీ డబ్బాను పారేయకముందు మూడు రీడింగులు రాసుకోండి: డి కీ “ఈ” కీ మధ్య, డి కీ ఇంజను దిమ్మెకీ మధ్య, “ఈ” కీ దిమ్మెకీ మధ్య. మొదటి రెండూ ఒకటి కాకపోతే స్క్రూ డ్రైవర్ కింద పెట్టేయండి. పక్కనే గాలి వేడి కూడా రాయండి. కొత్తగా కొనే డబ్బాల్లో కొన్ని పైకి అచ్చం పాతవాటిలాగే ఉన్నా లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూటు ఉంటుంది, వాటికి ఈ స్క్రూ లెక్కలు పనిచేయవు. కాబట్టి పాతది తీసేయాల్సి వచ్చినా దాచిపెట్టుకోండి. కాయిల్ తెగకపోతే, పాయింట్లు పూర్తిగా కాలిపోకపోతే, అది బాగయ్యే వస్తువే.

మా బండి సంగతి విని, ధర్మవరంలో ప్రీమియర్ పద్మిని ఉన్న ఒక స్నేహితుడు అదే 16 వోల్టుల లెక్క తన బండికి కూడా పెట్టమన్నాడు. పెట్టలేదు. ఫియట్ వంశం బండికి డబ్బా వేరు, కడ్డీల అమరిక వేరు, కొలత వేరు. లూకాస్‌లోనే తర్వాత వచ్చిన మూడు కడ్డీల ఆర్‌బి 340కి కూడా ఈ అంకె పనికిరాదు, అందులో కరెంటును పట్టే కడ్డీ విడిగా ఉంటుంది గనక వోల్టేజీ తక్కువగా పెట్టాలి. ఎర్త్ పరీక్ష మాత్రం ఏ బండికైనా ఒకటే, కాబట్టి ముందు అది చేద్దామన్నాను. పద్మినికి సరిపోయే సర్వీసు పుస్తకం దొరికాక మిగతాది చూస్తాం. భాయ్ కూడా వస్తానన్నాడు, పొద్దున్నే అయితేనే.